పిస్టల్ పాఠం, మా ఆయన చెయ్యి

మొగుడి దగ్గర ఏదైనా నేర్చుకుందామనుకునే ఆడవాళ్లకి నాదొకటే సలహా: వద్దు. కారు కానివ్వండి, ఈత కానివ్వండి, బయటివాళ్ల దగ్గర నేర్చుకోండి. బయటివాళ్లు విసుక్కుంటే ఇంటికొచ్చేసరికి మరిచిపోతాం. మొగుడు విసుక్కుంటే ఆ విసుగు మనతోపాటే కారెక్కి, ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుంటుంది. కారు నేర్చుకున్నప్పుడే నాకీ సంగతి బాగా తెలిసొచ్చింది. అయినా బుద్ధి రాలేదు. పిస్టల్ కాల్చడం కూడా మా ఆయన దగ్గరే మొదలుపెట్టాను.

పిస్టల్ అనగానే భీమవరంలో మా అమ్మ ఫోనులోనే గుండెలు బాదుకుంది. ‘దుబాయ్ వెళ్లి ఇదేం పోయేకాలమే’ అంది. మేమున్నది దుబాయ్ కాదని మా అమ్మకి చెప్పడం ఎప్పుడో మానేశాను. ఇక్కడ ఇదొక ఆట. అబుదాబి దగ్గర ఒక క్లబ్బు ఉంది. ఐడీ కార్డు తీసుకుని పిస్టల్ అద్దెకిస్తారు. చెవులకి పెద్ద డిప్పలు, కళ్లకి అద్దాలు పెట్టుకుని, గోడల మధ్య నిలబడి, ఎదురుగా వేలాడే కాగితాన్ని కాల్చాలి. అయిపోయాక పిస్టల్ వాళ్లకిచ్చేసి టీ తాగి ఇంటికి రావాలి. బౌలింగ్ ఆడడానికి వెళ్లినట్టే వెళ్తారు జనం.

మా ఆయన పళ్ల డాక్టరు. మేముండేది రువైస్‌లో. రిఫైనరీ కోసం పుట్టిన ఊరు అది. కంపెనీ ఇళ్లు, కంపెనీ పార్కు, ఒక మాల్, చుట్టూ ఇసక. ఆయన పనిచేసే ప్రైవేటు క్లినిక్కులో ఆ ఊరి సగం నోళ్లు ఆయన చూసినవే. నడుస్తుంటే ఎవరో ఒకరు ఎదురొచ్చి దవడ పట్టుకుని చూపిస్తారు. ‘డాక్టరు గారి చెయ్యి పడితే నొప్పే తెలియదండీ’ అనేవాళ్లు. ఆ మాటకి ఆయన పైకి ఏమీ అనరు గానీ, ఆ పూట నడకే మారిపోతుంది. ఆ చేతిని చూసుకుని ఆయనకి గర్వం. నాకూ గర్వమే, కాదంటే అబద్ధం. మా ఇల్లు, అమ్మాయి చదువు, ఆయన వీసా, ఆయన వీసా మీద వేలాడే మా ఇద్దరి వీసాలు, అన్నీ ఆ కుడిచేతి మీద నిలబడినవే.

కాలేజీలో ఎన్‌సీసీ రోజుల నుంచీ ఆయనకి కాల్చడం పిచ్చి. గుంటూరు నుంచి తెచ్చుకున్న పతకం ఒకటి బీరువాలో ఉంది. ఇక్కడికొచ్చిన కొత్తలోనే క్లబ్బులో మెంబరయ్యారు. రెండు గంటలకి పైగా డ్రైవు చేసుకుని వెళ్లి, కాల్చి, చిల్లుపడ్డ కాగితం చుట్ట చుట్టుకుని ఇంటికి తెచ్చేవారు. నేను క్యాంటీన్లో కరక్ చాయ్ తాగుతూ, ఫోను చూసుకుంటూ కూర్చునేదాన్ని. నాకు అదే బాగుండేది.

శుక్రవారం సెలవు పోయి శని, ఆదివారాలు సెలవులైన ఏడాది, ఉన్నట్టుండి ఆయనకి నాకు నేర్పాలని బుద్ధి పుట్టింది. ‘ఇంత దూరం వచ్చి క్యాంటీన్లో కూర్చోవడమేంటి, నువ్వూ నేర్చుకో’ అన్నారు. అమ్మాయి పెద్దదై తన గదిలో తాను ఉంటోంది, మేమిద్దరమే మిగిలాం, ఆయనకి నాతో గడపాలని ఉందేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను. కొత్త చీర కొన్నప్పుడు కూడా అంత మురిసిపోలేదు.

ఆ మురిపెం మొదటి పాఠంలోనే దిగిపోయింది. ఆయన నా వెనక నిలబడేవారు. క్లబ్బు వాళ్ల సేఫ్టీ మనిషి ఆయన వెనక నిలబడేవాడు. ‘భుజం దించు. ఎక్కువ దించకు. ఊపిరి వదులు. అంత వదలకు.’ నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టేలోగా నాలుగు మాటలు. గుండు ఎక్కడో పైన గోడకి తగిలేది. ‘చెప్పానా!’ అనేవారు. ఏం చెప్పారో నాకు గుర్తుండేది కాదు. ఒక మాట మాత్రం ప్రతిసారీ చెప్పేవారు: ‘మణికట్టు ముందున్న బల్లకి ఆనించు. ఆసరా లేకుండా చెయ్యి నిలవదు.’ ఆనించేదాన్ని. కాల్చిన ప్రతిసారీ బల్ల అంచు మణికట్టుకి కొట్టుకుని కమిలిపోయేది. ఇంటికొచ్చి అక్కడ కొబ్బరినూనె రాసుకునేదాన్ని.

‘మీరోసారి కాల్చి చూపించండి’ అంటే, ‘నాదేముంది, ఎప్పుడూ కాల్చేదే. నువ్వు నేర్చుకో’ అనేవారు. ఎంత త్యాగం అనుకున్నాను.

నాకు కోపం చాలా తొందరగా వస్తుంది. అదేం గొప్ప కాదు, మా ఇంటి వరస అది. ఒక శనివారం ఆయన ‘ఎన్‌సీసీలో మా క్లాసు అమ్మాయిలైతే’ అని మొదలుపెట్టారు. పిస్టల్ పద్ధతి ప్రకారం బల్ల మీద పెట్టాను, చెవుల డిప్పలు తీశాను, తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లాను. ‘నాకు మీ క్లబ్బు టీచరు కావాలి’ అన్నాను. మా ఆయన వెనకే వచ్చారు. మొహం చిన్నబోయింది. ‘నేనుండగా పరాయివాళ్ల దగ్గరా?’ అన్నారు తెలుగులో, కౌంటరు మనిషికి అర్థం కాకుండా.

‘మీరుండగానే. మీరుండబట్టే’ అన్నాను.

అలా వచ్చింది మా టీచరమ్మ. దక్షిణాఫ్రికా ఆవిడ, ఒకప్పుడు వాళ్ల దేశంలో పోలీసు. నాకంటే ఒక అడుగు ఎత్తు, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. గొంతు పెంచేది కాదు. ఇంగ్లీషులోనే మాట్లాడేది, పాఠం మొదలుపెట్టేటప్పుడు మాత్రం అరబ్బుల్లా ‘యల్లా’, ఇక కానిద్దాం, అనేది. మొదటి రోజు పిస్టల్ ఇవ్వకుండా నా చేతులు పట్టుకుని, తిప్పి, మణికట్టు మీద కమిలిన చోటు చూసింది.

‘ఇదేంటి?’

‘బల్ల తగిలింది. ఆనించుకుని కాలుస్తాను.’

‘ఎవరు చెప్పారు ఆనించమని?’

‘మా ఆయన.’

‘ఆయనేం చేస్తారు?’

‘పళ్ల డాక్టరు.’

ఆవిడ నవ్వింది. ‘ఇక్కడ నోరు లేదమ్మా ఆనుకోవడానికి. రెండు కాళ్లు, రెండు చేతులు, అంతే నీకున్నది. బల్ల నుంచి వెనక్కి జరుగు’ అంది. జరిగాను. చేతులు ముందుకి చాపి నిలబడమంది. గాల్లో చేతులు ఎంత బరువో నాకప్పుడే తెలిసింది.

మా ఆయన అద్దాల గోడ అవతల నుంచి భుజం దించమని, మోచెయ్యి సర్దమని సైగలు చేస్తుండేవారు. ఆవిడ రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి తలుపు తీసుకుని వెళ్లి ఆయనకి ఏదో చెప్పింది. మా ఆయన తిన్నగా క్యాంటీన్‌కి వెళ్లిపోయారు. ఆవిడ ఏం చెప్పిందని తర్వాత అడిగితే, ‘ఇద్దరు టీచర్లుంటే స్టూడెంటు ఫెయిలవుతుందంది’ అన్నారు మూతి ముడుచుకుని. ఇన్నేళ్ల కాపురంలో నేను చెయ్యలేని పని ఆవిడ అరనిమిషంలో చేసింది. ఇంటికెళ్లే దారంతా కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

ఆవిడ దగ్గర నాకు కాల్చడం వచ్చింది. గొప్పగా ఏం కాదు గానీ, కాగితం మీదే పడేవి, రానురానూ మధ్యకి దగ్గరయ్యాయి. నేను కూడా కాగితం చుట్ట చుట్టి ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను. అమ్మాయి చూసి, ‘అమ్మా, నిన్నిక ఎదిరించకూడదు’ అంది. మా ఆయన చూసి బాగుందన్నారు. ఆయన అందులో ఒక్క తప్పు కూడా ఎత్తి చూపలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

తర్వాత ఒక శనివారం టీచరమ్మ కొత్త పాఠం పెట్టింది. గుళ్లు నింపే మ్యాగజైన్‌లో నిజం గుళ్ల మధ్య అక్కడక్కడ ఉత్తుత్తి గుళ్లు పెడుతుంది. పేలనివి, నారింజ రంగు ప్లాస్టిక్‌వి. ఏది ఎక్కడుందో కాల్చేవాళ్లకి తెలియదు. ఉత్తుత్తి గుండు వచ్చినప్పుడు పిస్టల్ ‘టిక్’మని ఊరుకుంటుంది. పేలుతుందని భయపడేవాళ్ల చెయ్యి మాత్రం ఊరుకోదు, ఆ క్షణంలో ఉలిక్కిపడి కిందికి కుంగుతుంది. చప్పుడు లేదు కాబట్టి ఆ కుంగడం కళ్లకి కట్టినట్టు కనపడుతుంది. నాది కనపడింది. ‘టిక్’మన్నప్పుడల్లా నా పిస్టల్ వంగి దణ్ణం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

‘అందరికీ ఉంటుంది’ అంది ఆవిడ. ‘అలవాటున్నవాళ్ల చెయ్యి ఎలా ఉంటుందో చూస్తే నీకు అర్థమవుతుంది. మీ ఆయన్ని పిలుద్దామా?’

మా ఆయన వచ్చారు గానీ, ‘వద్దులెండి, ఈ రోజు ఆవిడ రోజు’ అన్నారు. నేను వదల్లేదు. ఇన్నాళ్లు నా వెనక నిలబడి పెట్టిన నస అంతా గుర్తుకొచ్చింది. ‘రండి సార్, ఎన్‌సీసీ పతకం సార్, చూపించండి’ అని ఆట పట్టించాను. టీచరమ్మ కూడా నవ్వుతూ పక్కకి జరిగింది. ఇద్దరాడవాళ్లు నవ్వుతుంటే ఇక తప్పించుకోవడం కుదరదు. డిప్పలు పెట్టుకుని నా పక్క లైనులో నిలబడ్డారు.

నేను వెనక, కాస్త పక్కగా ఉన్నాను. ఆయన చేతులు చాపారు. మొదటి గుండు పేలింది. రెండోది పేలింది. మూడోది ‘టిక్’మంది. చెయ్యి కుంగలేదు. ‘చూడు’ అన్నట్టు ఆవిడ నాకేసి తలాడించింది. నేనూ తలాడించాను. అంతలో ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆవిడ చూస్తున్న చోటికి చూశాను.

చెయ్యి కుంగడం లేదు. వణుకుతోంది. పేలే ముందు, పేలాక, ఊరికే పట్టుకుని ఉన్నప్పుడూ, పిస్టల్ మొన సన్నగా, ఆగకుండా అదురుతోంది. ఆయన ఊపిరి బిగబట్టారు, ఎడమచేతి పట్టు బిగించారు. బిగించినకొద్దీ ఎక్కువైంది. మిగిలిన గుళ్లు గబగబా కాల్చేసి పిస్టల్ కింద పెట్టారు.

కాగితం మోటారు మీద దగ్గరికి వచ్చింది. చిల్లులు పక్కపక్కన లేవు, కాగితమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. పక్క లైనులో నా కాగితం ఇంకా వేలాడుతోంది. నాది మేలుగా ఉంది. ఆయన్ని ఓడించాలని నెలల తరబడి ఎంత ఉబలాటపడ్డానో నాకు తెలుసు. ఆ నిమిషంలో రెండు కాగితాలూ చింపి పారెయ్యాలనిపించింది.

‘భయంతో వచ్చే కదలిక ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే వస్తుంది’ అంది ఆవిడ మెల్లగా, ఆయనతోనే. ‘మీది అది కాదు. ఎన్నాళ్ల నుంచి ఉంది?’

‘కాఫీ ఎక్కువైంది ఈ రోజు’ అన్నారు మా ఆయన.

ఆయన కాఫీ తాగరు. ఆవిడకి తెలియదు, నాకు తెలుసు. ఆవిడ ఒకసారి డాక్టరుకి చూపించుకోండి అని మాత్రం అంది. ఆయన ‘తప్పకుండా’ అని థాంక్స్ చెప్పి, చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో అబుదాబి శివారు మఫ్రఖ్ దాటి రువైస్ రోడ్డెక్కాం. ఆ రోడ్డు మీద లారీలు తప్ప చూడడానికేమీ ఉండదు. ఎండ అద్దంలోంచి నా ఒళ్లో పడుతోంది. స్టీరింగు మీద ఆయన చేతులు చూశాను. అక్కడ బాగానే ఉన్నాయి. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది కదా.

‘ఎప్పటి నుంచండీ?’ అన్నాను.

‘ఏది?’

‘నన్ను పిచ్చిదాన్ని చెయ్యకండి.’

ఒక లారీని దాటేవరకు ఆగారు. ‘పోయినేడాది నుంచి. మొదట అక్కడే తెలిసింది, క్లబ్బులో. పిస్టల్ బాలేదనుకున్నా. వేరేది తీసుకున్నా. లైట్లు అనుకున్నా.’

‘మరి క్లినిక్కులో?’

‘క్లినిక్కులో ఏం లేదు. నీకు తెలియదు, మా పనిలో ఉంగరం వేలు ఎప్పుడూ పక్క పన్ను మీద ఆనించుకునే ఉంటాం. కాలేజీలో మొదటి నెలలో నేర్పేది అదే. చెయ్యి గాల్లో ఉండదు. ఆసరా ఉంటే వణకదు. ఒట్టు.’

అప్పుడు నాకు ఒక్కొక్కటే తెలియడం మొదలైంది. బల్లకి ఆనించమని నా వెంట ఎందుకు పడ్డారో, ఒక్కసారైనా కాల్చి చూపించమంటే ఎందుకు తప్పించుకున్నారో తెలిసింది. ‘అందుకేనా నాకు నేర్పింది?’ అన్నాను.

‘క్లబ్బుకి వెళ్లడం మానేస్తే ఎందుకు మానేశారని అడుగుతావు. నువ్వు నేర్చుకుంటుంటే నేను ఊరికే నిలబడొచ్చు కదా’ అన్నారు.

నాతో గడపాలని కాదు. నా వెనక దాక్కోవాలని. అది తెలిసి నాకు కోపం రావాలి. నా కోపం ఎంత సులువుగా వస్తుందో చెప్పాను కదా, ఆ రోజు మాత్రం ఎంత వెతికినా రాలేదు. పరాయి టీచరు కావాలని నేను పంతం పట్టిన రోజే ఆయనకున్న ఆ ఒక్క చాటూ పోయింది. క్యాంటీన్లో ఒంటరిగా కూర్చుని ఆయన ఏమనుకునేవారో. నేనేమో కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

‘డాక్టరుకి చూపిద్దాం. సోమవారమే వెళ్దాం’ అన్నాను.

‘ఇక్కడా? ఇక్కడ చూపిస్తే ఫైల్లోకి ఎక్కుతుంది. నరాల డాక్టరు దగ్గరికి పళ్ల డాక్టరు ఎందుకెళ్లాడని అడుగుతారు. లైసెన్సు రెన్యూవల్ ఉంది. అమ్మాయి పన్నెండో క్లాసు. సెలవుకి వెళ్లినప్పుడు విజయవాడలో చూపించుకుంటా.’

‘సెలవు ఎప్పుడో కదండీ.’

‘ఈలోగా పెద్ద కేసులు తీసుకోను. సరేనా? ఖలాస్, ఇక వదిలెయ్.’

వదిలెయ్యడానికి అదేమన్నా చేతిలో సంచా? కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. ఎవరికైనా చెప్తే ఆయన బతుకుతెరువు నా నోటితో నేనే తీసేసినట్టు. చెప్పకపోతే, పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని క్లినిక్కుకి బయల్దేరితే చేతికి టిఫిన్ డబ్బా ఇచ్చి పంపిస్తున్నాను. తలుపు దగ్గర నిలబడి, దేవుడా, ఈ రోజు ఏమీ కాకూడదు అని మొక్కుకునేదాన్ని. సాయంత్రం రాగానే మొహం చూసేదాన్ని. ‘ఏం కాలేదు, అలా చూడకు’ అనేవారు. నేను చూస్తున్నానని ఆయనకి చిరాకు. చూడకుండా ఉండడం నా వల్ల కాలేదు.

ఒకరోజు పార్కులో మా కాలనీ ఆవిడ, రాజమండ్రి ఆవిడ, పక్కన నడుస్తూ అంది: ‘వదినగారూ, మా అత్తగారు విజిట్ వీసా మీద వచ్చారు కదా, బుధవారం డాక్టరు గారి దగ్గరికి తెస్తున్నాం. రెండు పళ్లు తీయించాలి. పెద్దావిడ, భయపడుతోంది. మీ ఆయన చెయ్యి అయితే నాకు బెంగుండదు.’

‘వాళ్ల క్లినిక్కులో కేరళ డాక్టరమ్మాయి ఒకావిడ ఉంది, పెద్దవాళ్లతో చాలా ఓపిగ్గా ఉంటుంది’ అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. ‘భలేవారే! మీరు మీ ఆయన్ని కాదని పరాయివాళ్ల దగ్గర పిస్టల్ నేర్చుకున్నారని విన్నాలెండి. మాకు మాత్రం డాక్టరు గారే కావాలి’ అంది. నేనూ నవ్వాను. ఇంకేం చెయ్యను? ఆ రోజు ఆవిడతో అరగంట నడిచాను. ఆ అరగంటలో చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో. ప్రతిసారీ ఎండ గురించో, కూరగాయల గురించో మాట్లాడి మూసుకున్నాను.

బుధవారం ఏమీ కాలేదు. పెద్దావిడ పళ్లు ఊడాయి, ఆవిడ దీవించి వెళ్లింది. మా ఆయన ఇంటికొచ్చి, అన్నం వద్దని, గదిలో గోడవైపు తిరిగి పడుకున్నారు. చొక్కా వీపంతా తడిసి ఆరిన మరక తెల్లగా ఉంది. క్లినిక్కులో ఏసీ గడ్డకట్టేలా ఉంటుంది. ఆ చొక్కా బకెట్లో నానబెట్టి, నేను బాత్రూంలోనే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత ఒక్కసారి క్లబ్బుకి వెళ్లాను, ఒక్కదాన్నే, కాలనీ వాళ్ల కారులో. కాల్చడానికి కాదు. టీచరమ్మ మాటంటే మా ఆయన వింటారని నాకొక ఆశ. అరనిమిషంలో ఆయన్ని క్యాంటీన్‌కి పంపిన మనిషి కదా. ‘మీరొకసారి ఫోన్ చేసి చెప్పండి, పని ఆపమని. నేను చెప్తే పోట్లాట అవుతుంది’ అన్నాను.

ఆవిడ నా వైపు జాలిగానే చూసింది. ‘ఆయన నా స్టూడెంటు కాదమ్మా, నువ్వు నా స్టూడెంటువి. ఆయన చేతిలో పిస్టల్ ఉంటే, ఈ గోడల మధ్య ఉంటే, ఆపు అని చెప్పగలను. బయట చెప్పలేను’ అంది. తర్వాత కాలుస్తావా అని అడిగింది. లేదన్నాను.

సెలవు ఇంకా రెండు నెలలుందనగా, నేను చేసిన జంతికే నేను కొరికితే నా దవడ పన్ను చిట్లింది. మామూలు రోజుల్లో అయితే ఆ జంతిక మీద మా ఆయన ఏడాది పొడుగునా జోకులేసేవారు. అప్పుడు మాత్రం వంటింటి లైటు కింద నా గడ్డం పట్టుకుని చూశారు. ‘నరం దాకా పోయినట్టుంది. రేపు క్లినిక్కుకి రా. చేసేస్తా’ అన్నారు.

చేసేస్తా అన్నారు. ఆ కేరళ డాక్టరమ్మాయి చేస్తుంది అనలేదు. రాత్రంతా పన్ను సలుపుతుంటే అదే ఆలోచన. వెళ్లనంటే, మీ చెయ్యంటే నాకు నమ్మకం లేదని మొహం మీద చెప్పినట్టు. కట్టుకున్నదే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? వెళ్తే, ఆ చేతి కింద నోరు తెరవాలి. ఊరివాళ్ల అత్తగార్లని ఆ కుర్చీలో పడుకోనిచ్చి, నా పన్ను దగ్గరికి వచ్చేసరికి తప్పించుకుంటే నేనేం మనిషిని? తెల్లారాక తలంటుకుని వెళ్లాను. ఎందుకు తలంటుకున్నానో ఇప్పటికీ తెలియదు.

కుర్చీ వెనక్కి వాల్చారు. పైన తెల్లటి దీపం వేశారు. మలయాళీ నర్సు నా మెడకి కాగితం గుడ్డ కట్టింది. మాస్కు పైన ఆయన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ‘పెద్దగా తెరువు’ అన్నారు. తెరిచాను. ఎడమచేత్తో బుగ్గ పక్కకి లాగారు. కుడిచేతిలో మత్తు సూది. ఆయన చెప్పినట్టే ఉంగరం వేలు వచ్చి నా పక్క పన్ను మీద ఆనింది.

ఆ వేలు వణుకుతోంది. ముందు పన్నుకి తెలిసింది, పన్ను నుంచి దవడకి, దవడ నుంచి చెవికి. మిక్సీ తిరుగుతున్నప్పుడు గట్టు మీద చెయ్యేస్తే తెలిసినట్టు నా తలకంతటికీ తెలిసింది. కారులో ఆయన వేసిన ఒట్టు అబద్ధం కాదు, ఆ రోజుకి అది నిజమే అయ్యుంటుంది. ఇప్పుడు కాదు. సూది నా పెదవి దాటి లోపలికి వచ్చి ఆగింది. నేను నోరు మూసుకోవచ్చు, చెయ్యెత్తొచ్చు. ఏదీ చెయ్యలేదు. గుచ్చుకుంటే గుచ్చుకోనీ అనుకున్నాను. ఆయన్ని ఆపేది నేను కాకూడదు, ఆపకుండా ఉండలేను, ఆ రెంటికీ మధ్య కళ్లు తెరుచుకుని పడుకున్నాను. భయం వేసింది. ఆయన మీద అంతులేని ప్రేమ కూడా కలిగింది.

ఆయన నా కళ్లలోకి చూశారు. సూది బయటికి తీశారు. మూత పెట్టబోతే మొదటిసారి కుదరలేదు. నర్సు చెయ్యి చాపింది. ‘ఉండు’ అని ఆయనే పెట్టి, పళ్లెంలో ఉంచి, పక్క గదిలోని డాక్టరమ్మాయిని పిలవమన్నారు.

ఆ అమ్మాయి గ్లౌజులు తొడుక్కుంటూ వచ్చింది. ‘కష్టమైన కేసా సార్?’ అంది.

‘కేసు మామూలుదే. నా చెయ్యి నిలవడం లేదు. మీరు చెయ్యండి’ అన్నారు. తర్వాత, నాకు అర్థం కాకూడదన్నట్టు కాదు, అర్థం కావాలన్నట్టే, మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పారు: ‘బయట కూర్చున్నవాళ్లని కూడా మీరే చూడండి. రేపటివాళ్లని కూడా. నేను వెళ్లి మేనేజరుతో మాట్లాడి వస్తాను.’

ఆ అమ్మాయి ఆయన్ని, నన్ను, నర్సుని చూసింది. ఆయన లేచిన స్టూలు మీద కూర్చుంది.

నేను లేవబోయాను. ఆయనతో ఆ గది దాకా వెళ్దామనే. ‘పడుకో. కదలకు’ అన్నారు ఆయన, ఇన్నేళ్లుగా ఆ కుర్చీలో అందరితోనూ అన్నట్టే. డాక్టరమ్మాయి వేలు, కదలని వేలు, నా పన్ను మీద ఆనింది. నోరు తెరుచుకుని, ఒక్క మాటా అనలేక, మా ఆయన గ్లౌజులు బుట్టలో పడేసి తలుపు తీసుకుని వెళ్లడం ఆ దీపం కింద నుంచి చూస్తూ ఉండిపోయాను.